శ్రవణ్ మురుకుల డబ్బా

ఖిల్లా ఘణపూర్,
సోమవారం పొద్దున.

వనపర్తిలోని వసంతకు, శ్రవణ్ వాళ్ల అమ్మమ్మ బాలకిష్టమ్మ నమస్కారాలు.

మనం ఒకరినొకరం చూసుకోలేదు. అయినా నా మనవడు ఇవాళ్టి నుంచి రోజూ నాలుగు గంటలు మీ ఇంట్లోనే ఉంటాడు కాబట్టి మీరు నాకు పరాయివాళ్లు కారు. పద్మజకు దవాఖానలో డ్యూటీ మారింది. ఇల్లు చేరేసరికి ఎనిమిది అవుతుందట. అల్లుడు హరీష్ బోరు బండి మీద కర్ణాటకలో ఉన్నాడు. బడి విడిచాక పిల్లాడిని పక్కింటి వసంతక్క చూసుకుంటుందని పద్మజ చెప్పింది. "మంచి మనిషి అమ్మా. ఇంట్లనే మిషన్ కుట్టుకుంటది. నువ్వు పరేషాన్ గాకు" అన్నది. నేను పరేషాన్ కావడం లేదు. అన్నం మాత్రం గొంతు దిగడం లేదు.

ఎందుకంటే శ్రవణ్ మధ్యాహ్నం బడిలో తిన్నది నాలుగింటికే అరిగిపోతుంది. ఎనిమిదేళ్ల పిల్లాడు, ఎదిగే ఒళ్లు. సాయంత్రం వాడికి కడుపు నిండకపోతే వాడిని తెచ్చుకుని ఇక్కడి బడిలో వేస్తానని పద్మజకు ముందే చెప్పాను. అది ఏడ్చింది. "వాన్ని ఇడిసి నేనుండలేనమ్మా" అన్నది. నాకు మాత్రం తల్లినీ పిల్లాడినీ విడదీయాలని ఉంటుందా?

అందుకే ఈ డబ్బా. జొన్న మురుకులు, నువ్వుల ముద్దలు చేశాను. నూనె మా పల్లీలది, బెల్లం మంచి నల్లబెల్లం. బేకరీ పఫ్‌లు, రంగురంగుల ప్యాకెట్లు వాడికి పెట్టకండి. నేను పంపినవే పెట్టండి. మా ఇంట్లో పొయ్యి మీది నుంచి ఏది దించినా ముందు రంగనాయకస్వామి పటం దగ్గర పెట్టి, తర్వాతే ఎవరైనా ముట్టుకుంటాం. కాబట్టి ఇది స్వామి ప్రసాదం. పిల్లాడికి మేలు జరుగుతుంది.

ఉంటాను,
బాలకిష్టమ్మ

తా.క.: ఫోన్ చేయొచ్చు కదా అనుకుంటారేమో. నా గొంతు చిన్నది. అవతలివాళ్లు "హలో, హలో" అని పెట్టేస్తారు. కూరగాయల ఆటో యాదయ్య రోజూ మీ వీధిలో నుంచే మార్కెట్‌కు పోతాడు. ఖాళీ డబ్బాలో జవాబు పెట్టి అతనికే ఇవ్వండి.

ఇంకొక తా.క.: నువ్వుల ముద్ద నోట్లో ఉన్నప్పుడు వాడిని నవ్వించకండి. పొలమారుతుంది.


వనపర్తి,
మంగళవారం.

గౌరవనీయులైన అమ్మగారికి వసంత వందనాలు.

డబ్బా, ఉత్తరం అందాయి. ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. మేము చర్చికి వెళ్తాం. నా భర్త పేరు యేసుబాబు, కరెంటు పని చేస్తాడు. మీ పద్ధతులు నాకు అంతగా తెలియవు. మీరు స్వామి దగ్గర పెట్టినదాన్ని నమ్మి మా ఇంటికి పంపారు కాబట్టి, నా వల్ల ఏ పొరపాటూ జరగకూడదని భయపడుతూనే మూత తీశాను. చిన్నప్పుడు మా ఊళ్లో చూసింది గుర్తు తెచ్చుకుని అంతా అలాగే చేశాను. శ్రవణ్ చెప్పులు బయట విడిచాడు. కాళ్లు, చేతులు కడుక్కున్నాడు. కుడి చేతిలో పెడితే కళ్లకద్దుకుని తిన్నాడు. ఒక్క నలుసు కింద పడనివ్వలేదు. నవ్వలేదు కూడా.

సాయంత్రానికే డబ్బా ఖాళీ అయింది. కడిగి పంపుతున్నాను.

ఒక్క సంగతి అడగాలి. ఐదున్నరకు శ్రవణ్ నా మిషన్ దగ్గరకు వచ్చి "అత్తా, ఆకలైతుంది" అన్నాడు. మీరు పంపినవే పెట్టమన్నారని నేను వేరే ఏమీ పెట్టలేదు. మంచినీళ్లు ఇచ్చాను. ఏం చేయమంటారు?

మీ మాట కోసం చూస్తూ,
వసంత

తా.క.: మూత తీసినప్పుడు వచ్చిన వాసనకు యేసుబాబు పనికి పోవడం మరిచిపోయి గుమ్మంలోనే నిలబడిపోయాడు.


ఖిల్లా ఘణపూర్,
బుధవారం.

చిరంజీవి వసంతకు బాలకిష్టమ్మ దీవెనలు.

నాకంటే చిన్నదానివని పద్మజ చెప్పింది, అందుకని నువ్వు అంటున్నాను. నీ ఉత్తరంలో సగం చదివేసరికి నా కళ్లు చెమ్మగిల్లాయి. కాళ్లు కడుక్కుని, కళ్లకద్దుకుని తిన్నాడా! ఇక్కడ ఉన్నప్పుడు వాడు చెప్పులతోనే వంటింట్లోకి వచ్చేవాడు. ఒక్క రోజులో ఎంత బుద్ధి నేర్పావమ్మా.

మిగతా సగం చదివాక కూర్చుండిపోయాను. డబ్బా సాయంత్రానికే ఖాళీ అయిందా? అది రెండు కిలోల డబ్బా. వారం రోజులకని పంపాను. మా ఆయన వెంకట్రాములు నమ్మలేదు.

"నిజం జెప్పు, నిండ పెట్టినవా?"

"నిండ పెట్టిన. మూత పట్టకపోతే మోకాలుతోని ఒత్తిన."

"మరి రెండు కిలోలు ఆ బక్కపిల్లగాడు తిన్నడా?"

"తిన్నడట. నవ్వకుండ తిన్నడట."

ఇవాళ పొద్దున పద్మజ ఫోన్‌లో శ్రవణ్‌ను అడిగాను. "మురుకులు తిన్నవా బిడ్డా?" "తిన్న." "నువ్వుల ముద్దలు?" "తిన్న. మంచిగున్నయి. ఇంక గావాలె." "ఇంకనా!" అన్నాను. నా గొంతు వాడికి వినపడలేదు. "హలో, హలో" అని పెట్టేశాడు.

ఎదిగే వయసు అనుకుంటాను. ఇంకేం అనుకోవాలి? అందుకని ఈసారి ఐదు కిలోల నూనె డబ్బాలో పంపుతున్నాను. మురుకులతో పాటు మలీద ముద్దలు కూడా ఉన్నాయి. సజ్జ రొట్టె నలిపి బెల్లం, నెయ్యి వేసి కట్టాను. రెండు తింటే పెద్దవాళ్లకే రాత్రి దాకా ఆకలి వేయదు. ఎప్పటిలాగే స్వామి దగ్గర పెట్టే పంపుతున్నాను.

ఆశీస్సులతో,
బాలకిష్టమ్మ

తా.క.: బాగా నమిలి తినమను. రెండు కిలోలు నమలడానికి ఆ దవడలు ఏమైనాయో.


వనపర్తి,
శుక్రవారం.

అమ్మగారికి వందనాలు.

పెద్ద డబ్బా నిన్న అందింది. ఆరు గంటలకల్లా అయిపోయింది. చాలా కష్టమైంది కానీ, ఏమీ మిగలనివ్వలేదు. మలీద ముద్దలు అన్నిటికంటే ముందు అయిపోయాయి.

అమ్మా, శ్రవణ్ గురించి నాకు దిగులుగా ఉంది. మీరు నవ్వుకోవద్దు. ఆ పిల్లాడు ఐదు గంటలకు మళ్లీ ఆకలి అంటాడు. ఆరింటికి ఎక్కాలు రాస్తూ రాస్తూ కాపీ మీదే తల పెట్టి పడుకుంటాడు. "హోంవర్క్ సగమే రాస్తున్నాడు" అని టీచర్ డైరీలో రాసి పంపింది. నిక్కరు జారిపోతుంటే నడుము దగ్గర కుట్టు వేసి బిగించాను.

మొన్న యేసుబాబు కోసం శెనగ గుడాలు ఉడకబెట్టాను. తిరగమోత వాసనకు శ్రవణ్ పొయ్యి దగ్గరకే వచ్చి నిలబడ్డాడు. "అవి నాకా అత్తా?" అన్నాడు. "అమ్మమ్మను అడిగి పెడత" అన్నాను. పోయి మళ్లీ ఎక్కాల ముందు కూర్చున్నాడు. నాకు ఆ గుడాలు సహించలేదు. మా ఇంట్లో ఉడికినవి వాడికి ఒక గిన్నెడు పెట్టవచ్చా? అడగడానికి రెండు రోజులు ఆలోచించాను.

ఏ తప్పు రాసినా మన్నించండి.
వసంత

తా.క.: ఇంతకంటే పెద్ద డబ్బా అయితే నా వల్ల కాదేమో అమ్మా. యేసుబాబు కాళ్లు నొప్పి అంటున్నాడు.


ఖిల్లా ఘణపూర్,
శుక్రవారం సాయంత్రం.

వసంతా, తల్లీ,

ఏడు కిలోలు! నాలుగు రోజుల్లో ఏడు కిలోలు తిన్న పిల్లాడికి నిక్కరు జారిపోతోందా?

ఇది ఎదిగే వయసు కాదు, జబ్బు. నాకు అనుమానం లేదు. తిన్నది ఒంటికి పట్టడం లేదు. నీ ఉత్తరం చదివినప్పటి నుంచి స్వామి ముందు నుంచి లేవలేదు. మా ఇంటి వెనుక లింగయ్యకు గొర్రెలు ఉన్నాయి. "కడుపుల నట్టలుంటయి అక్కా, నా దగ్గర గొర్రెలకేసే మందున్నది, గింతంత తాపితే కడుగినట్టయితది" అన్నాడు. నేను వద్దన్నాను. వద్దన్నాక కూడా మా ఆయన ఎంత తాపాలని అడుగుతున్నాడు.

అందుకని ఇప్పుడు డబ్బా పంపడం లేదు. వాము కషాయం సీసా, దిష్టికి ఎండుమిరపకాయలు పంపుతున్నాను. శెనగలు వద్దమ్మా. నీ కాళ్లు పట్టుకుంటాను, మీ ఇంట్లోది ఒక్క గింజ కూడా వాడి నోట్లోకి పోనివ్వకు.

సోమవారం పొద్దున యాదయ్య ఆటోలో నేనే వస్తున్నాను. పెద్ద డాక్టరుకు చూపించి, అటు నుంచి అటే శ్రవణ్‌ను ఘణపూర్ తెచ్చుకుంటాను. పద్మజకు ఫోన్ చేసి చెప్పాను. "అయితే నేను గూడ డ్యూటీ ఇడిసిపెట్టి వస్తనమ్మా. నువ్వు నర్సు కోర్సు సదివించింది గంగల గలిసిందనుకో" అన్నది. ఆ మాట విన్నాక స్వామి ముందే కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువు.

నీ బాలకిష్టమ్మ

తా.క.: యేసుబాబు కాళ్లు ఎందుకు నొప్పి? అది కూడా అంటుకునే జబ్బా?


వనపర్తి,
శనివారం.

అమ్మా,

మీ ఉత్తరం చదివాక ఒక జాకెట్టుకు చెయ్యి తిరగేసి కుట్టాను. పదేళ్లలో అలా ఎప్పుడూ జరగలేదు. జబ్బు అన్నారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తాను.

పిల్లాడు ఏడు కిలోలు తినలేదమ్మా. డబ్బా వచ్చిన రోజు మురుకులో ఒక తుంట, ముద్దలో గోరంత తిన్నాడు, అంతే.

మీరు ప్రసాదం అని రాశారు. ప్రసాదం అరచేతిలో ఎంత పెడితే అంతే తీసుకోవాలి, ఇంకా కావాలని అడగకూడదు, రాత్రికి నిలవ ఉంచకూడదు, పదిమందికి పంచాలి, చెయ్యి చాపినవాళ్లకు లేదనకూడదు అని నేను చిన్నప్పుడు విన్నాను. అలాగే చేశాను. మొదటి రోజు మా మేడలో ఎనిమిది ఇళ్లకు పంచాను. ఐదు కిలోల డబ్బా వచ్చాక ఎనిమిది ఇళ్లతో కాలేదు. యేసుబాబును వీధి చివరి దాకా తిప్పాను. ఎదురుగా ఇల్లు కడుతున్న మేస్త్రీలకు, గ్యాస్ బండ తెచ్చినాయనకు, బ్లౌజులకు వచ్చినవాళ్లకు అందరికీ ఇచ్చాను. యాదయ్యకు రెండుసార్లు ఇచ్చాను. ఇప్పుడు నాలుగున్నరకు మా మెట్ల మీద వరుస నిలబడుతున్నారు. శ్రవణ్ బడి నుంచి వచ్చి ఆ వరుసలోనే నిలబడతాడు. రెండోసారి వెనుక నుంచి వచ్చాడు. "ఒక్కసారే తీసుకోవాలె నాన్నా" అని పంపేశాను. ఇది రాస్తుంటే ఇప్పుడు నాకు ఏడుపొస్తోంది.

మేమిద్దరం తీసుకోలేదు. వద్దని కాదు. మేము తీసుకోవచ్చో లేదో మీరు రాయలేదు.

మా ఇంట్లోది ఒక్క గింజ కూడా వద్దన్నారు. సరేనమ్మా. అడిగినందుకు ఏమీ అనుకోకండి. కానీ పిల్లాడిని తీసుకెళ్లకండి. రాత్రి పద్మజ వచ్చి నా గుమ్మంలో కూర్చుంది. "అక్కా, ఈ కొల్వు దొరకనీకె నేనెంత తిప్పలవడ్డనో నీకెరుకే గదా" అన్నది. నేను చేసిన పనికి ఆమె ఉద్యోగం పోతే, నేను ఆమె ముఖం ఎలా చూడాలి?

వసంత

తా.క.: కింది వాటాలోని జోగులమ్మత్త నాలుగింటికే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. "వసంతా, ఇయ్యాల స్వామి ఏం పంపిండు?" అని అడుగుతుంది. "మురుకులు" అంటే, "జర మెత్తటియి పంపుమని రాయి, నాకు పండ్లు లెవ్వు" అన్నది. చెప్పమన్నది కాబట్టి రాశాను.


ఖిల్లా ఘణపూర్,
ఆదివారం.

బిడ్డా వసంతా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. పిల్లాడు తన డబ్బా కోసం తానే వరుసలో నిలబడ్డాడన్న చోట నవ్వు ఆగిపోయింది. శెనగల సంగతి దగ్గరికి వచ్చేసరికి సిగ్గుతో చచ్చిపోయాను.

తప్పు నాది. మా ఇంట్లో చారు కూడా స్వామి దగ్గర పెట్టాకే పోసుకుంటాం. అలా చూస్తే మా ఆయన ముప్పై ఏళ్ల నుంచి పూటకు రెండు కంచాల ప్రసాదం తింటున్నాడు. అది కడుపు నిండా తినే ప్రసాదమని నీకు ఎవరు చెప్పాలి? నేనే చెప్పాలి. చెప్పలేదు. శెనగలు వద్దన్నది వాడి పొట్ట పగులుతుందన్న భయంతో. మీ ఇంటివని కాదమ్మా. ఆ మాట అడగడానికి నువ్వు రెండు రోజులు ఆలోచించావంటే నా ఉత్తరాలు ఎంత గట్టిగా మాట్లాడాయో. నా గొంతే చిన్నది అనుకున్నాను. వాడికి నీ చేతి గుడాలు గిన్నెడు పెట్టు. గుడ్డు ఉడకబెడితే అది కూడా పెట్టు. అన్నీ తిని పెరగాలి.

నేను రావడం లేదు. పద్మజకు ఫోన్ చేశాను. "డ్యూటీ ఇడువకు" అన్నాను. ఈసారి నా మాట మొదటిసారే వినపడింది.

కానీ మెట్ల మీద వరుస ఉంది కదా. ప్రసాదం అంటే నువ్వు ఎవరికీ లేదనలేవు, నాకు తెలుసు. అందుకని బాగా ఆలోచించి ఒక పని చేశాను. ఈ డబ్బాలో పల్లి ముద్దలు, అటుకుల మిక్చర్ ఉన్నాయి. వీటిని స్వామికి చూపించలేదు. పొయ్యి మీది నుంచి దించి, నేరుగా డబ్బాలో పెట్టి మూత వేశాను. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఇలా చేయడం ఇదే మొదలు. పటం ముందు నిలబడి, "స్వామీ, పిల్లగాని కడుపు కోసం" అని చెప్పుకున్నాను. మా ఆయన వాకిట్లో నుంచి "ఏమన్నడు?" అని అడిగాడు. "ఏమనలే" అన్నాను. "ఏమనకపోతే ఒప్పుకున్నట్టే. నాకో రెండు ఇటు పెట్టు" అన్నాడు.

ఇది ప్రసాదం కాదు, ఒట్టి పిండివంట. పంచకు. దాచి పెట్టు. శ్రవణ్ తినాలి, నువ్వూ యేసుబాబూ తినాలి.

అమ్మలాంటి
బాలకిష్టమ్మ

తా.క.: వీధికి వేరే పొట్లం కట్టాను. స్వామి దగ్గర పెట్టిన చక్కెర పొంగలి. నమలడానికి జోగులమ్మకు పండ్లతో పని లేదు.


వనపర్తి,
మంగళవారం.

అమ్మా, మీ బిడ్డ వసంత వందనాలు.

నిన్న సాయంత్రం మీరు చెప్పినట్టే చేశాను. శ్రవణ్ ముందు పళ్లెం పెట్టాను. పల్లి ముద్దలు నాలుగు, మిక్చర్ గుప్పెడు, మా గుడాలు ఒక గిన్నెడు. యేసుబాబు కూడా పని మానుకుని కూర్చున్నాడు. అయితే అమ్మా, మీరు స్వామికి చూపించకుండా పంపారన్న మాట నా మనసులో మెదులుతూనే ఉంది. మీరు ఎంత నలిగిపోయి మూత వేశారో అనిపించింది. మేము తినే ముందు ప్రార్థన చేసుకుంటాం. నిన్న కొంచెం పెద్ద ప్రార్థనే చేశాను. మీ పేరు, పద్మజ పేరు, బోరు బండి మీద ఉన్న హరీష్ పేరు, ఆటో యాదయ్య పేరు అన్నీ చెప్పాను. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి శ్రవణ్ పళ్లెంలో ఒక్క ముద్ద ఉంది, నోట్లో ఒకటి ఉంది. యేసుబాబు కూడా నమలడం ఆపాడు.

ఇంతలో జోగులమ్మత్త గుమ్మంలోకి వచ్చింది. పొంగలి తినేసిందట. "లోపట ఏంది తింటున్నరు?" అన్నది.

"ఇది ప్రసాదం కాదత్తా. ఉత్త గుడాలు, మా పొయ్యి మీద ఉడికినయి" అన్నాను.

"ఇప్పుడే కండ్లు మూసుకోని దేవునికి జెప్పినవు గదా! నేనినలేదనుకున్నవా? గంత పెద్దగ జెప్పినవు. తే, మెత్తగుంటయి" అని చెయ్యి చాపింది. కళ్లకద్దుకుని తిన్నది. ఆమె వెనుక మేస్త్రీలు ముగ్గురు ఉన్నారు. నేనేం చేయనమ్మా? దేవుడికి చెప్పాక చెయ్యి చాపినవాళ్లకు లేదనలేకపోయాను. గుడాల గిన్నె ఖాళీ అయింది. మళ్లీ నానబెట్టాను.

శ్రవణ్ భాగం మాత్రం వాడి కడుపులోకే పోయింది. ఏడు గంటల దాకా కూర్చుని ఎక్కాలన్నీ రాశాడు. పద్మజ వచ్చి కాపీ చూసి, నా మిషన్ పక్కన కూర్చుని మిగిలిన మిక్చర్ అంతా తినేసింది.

ఎప్పుడైనా మీరే రండి. తీసుకెళ్లడానికి కాదు, చూడడానికి.

మీ వసంత

తా.క.: కింద పెన్సిల్‌తో రాసింది శ్రవణ్. ఏం రాశాడో నన్ను చూడనివ్వలేదు.

అమ్మమ్మా, ఇయ్యాల కడుపు నిండింది. రేపటి డబ్బా సంగతి ఇద్దరు దేవుండ్లకూ జెప్పకుండ్రి. నేను తిన్నంక జెప్పుండ్రి.